యాభయ్యో వర్ధంతికి విర్జిల్ ముక్కు

అక్టోబరు వచ్చిందంటే ఆర్లిస్ స్టిడమ్ తన వంటింటి కిటికీ తనే తెరుచుకోడానికి లేదు. బక్‌హార్న్ గ్యాప్ ఊరు మొత్తానికి కాస్త చదునుగా ఉన్న నేల ఆయన ఇంటి పక్కనే ఉంది. దేవుడు టెనసీ కొండలన్నీ చేసేసి, చివర్లో చేతికంటిన మట్టి అక్కడ దులిపేసుకుని పోయాడంటారు. వర్ధంతి కచేరీ పెట్టేది అక్కడే. కచేరీ అన్నాక జనం వస్తారు, జనం అన్నాక వాళ్ళకి ఒంటికీ రెంటికీ వస్తుంది. అందుకని కమిటీ వాళ్ళు అద్దెకి తెచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ మరుగుదొడ్లు ఏటా సరిగ్గా ఆ కిటికీ ఎదురుగానే దింపుతారు. ఈసారి యాభయ్యో వర్ధంతి కాబట్టి ఇంకో వరస ఎక్కువ దింపారు. అందులో ఒకదానికి తలుపు గడియ పడదు. గాలి వీచినప్పుడల్లా టప్‌మని కొట్టుకుంటుంది.

ఆర్లిస్‌కి డెబ్బై నాలుగు. ఒంటరి మనిషి. పొద్దున్నే గుడ్డు వేయించుకుని నోట్లో పెట్టుకోబోతే టప్. కాఫీ గుటక వేయబోతే టప్. ఆయన వెళ్ళి కమిటీ అధ్యక్షుడు డ్వైట్ పర్కీతో మొర పెట్టుకున్నాడు. డ్వైట్ ఆయన భుజం మీద చెయ్యేసి చాలా ప్రేమగా చెప్పాడు.

"చరిత్ర అన్నాక కాస్త వాసన ఉంటుంది ఆర్లిస్."

డ్వైట్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ జీవిత బీమా అమ్మాడు. చావు గురించి మాట్లాడుతుంటే ఆయన గొంతులో తేనె ఊరుతుంది. రిటైరయ్యాక అంత గొంతు ఊరికే పోతుందని ఊళ్ళో రేడియో వాళ్ళు పొద్దున కాసేపు ఇచ్చారు. కంట్రీ సంగీత చరిత్రలో ఈ రోజు ఏం జరిగిందో చెప్పడం ఆయన పని. ఫలానా గాయకుడు పుట్టిన రోజు, ఫలానా ఆవిడ మొదటి రికార్డు వచ్చిన రోజు, ఫలానా ఆయన కారు వెళ్ళి చెట్టుని గుద్దుకున్న రోజు. పుట్టిన రోజులు గబగబా చదివేస్తాడు, పుట్టడం అందరూ చేసే పనే కదా అన్నట్టు. చావుల దగ్గరికొచ్చేసరికి ఆగుతాడు. గుటక వేస్తాడు. రోజూ వినేవాళ్ళకి కంట్రీ సంగీత చరిత్రంటే ముప్పాతిక వంతు వాహనాల చరిత్రే. "ఈ వారం రెండు విమానాలు, ఒక లారీ" అని కాఫీ కొట్లో లెక్క చెప్పుకుంటారు.

ఆ వాహనాలన్నీ ఊరూరా ఎవరెవరివో. బక్‌హార్న్ గ్యాప్‌కి సొంతం అని చెప్పుకోడానికి ఉన్నది ఒక్కటే కారు, ఒక్కటే మనిషి. ఆర్లిస్ అన్న విర్జిల్.

అన్నదమ్ములిద్దరూ కలిసి పాడేవాళ్ళు. బడుల్లో, చర్చి మెట్ల మీద, పొగాకు వేలం కొట్టాల్లో. విర్జిల్ గిటారు పట్టుకుని అసలు పాట పాడతాడు. ఆర్లిస్ మాండలిన్ పట్టుకుని దాని మీద సన్నగా పై గొంతు కలుపుతాడు. ఒకే రక్తం కాబట్టి రెండు గొంతులూ పాలూ నీళ్ళలా కలిసిపోయేవి. ఒకే ఒక్క రికార్డు చేశారు. అది బయటికి వచ్చేలోపే విర్జిల్ కారు వాగు మలుపులో కిందికి పోయింది. ఆ రోజు విర్జిల్ కడుపులో ఎంత సారా ఉందో మలుపుకీ తెలుసు, వాగుకీ తెలుసు, ఊరందరికీ తెలుసు. కానీ ఒక జింక అడ్డం వచ్చిందని అనుకున్నారు. అనుకున్నాక అదే నిజమైంది. యాభై ఏళ్ళుగా పాపం ఆ జింకే మోస్తోంది. డ్వైట్ ఇప్పటికీ వేటకెళ్ళి జింకని కొట్టినప్పుడల్లా "ఇది విర్జిల్ కోసం" అంటాడు. అలా విర్జిల్ పేరు మీద పెద్ద జింకల మందే పోయింది.

వర్ధంతి నాడు వేదిక మీద రెండు మైకులు పెడతారు. ఒకదానికి విర్జిల్ టోపీ తగిలిస్తారు. రెండోదాని ముందు ఆర్లిస్ నిలబడి ఆ రికార్డులో పాట పాడాలి. పాట మొత్తం కాదు, తన పై గొంతు ఒక్కటే. అన్న పాడాల్సిన చోటు అన్నకే వదిలెయ్యాలి. కూర లేకుండా తాలింపు ఒక్కటే వడ్డించినట్టుంటుంది. అయినా జనం ఏడుస్తారు. ఒక ఏడాది పక్క జిల్లా నుంచి వచ్చినాయన ఎవరో తెలియక అన్న భాగం అందుకుని పాడబోతే, ఆయన్ని కారు దాకా నడిపించి, మంచి మాటలతోనే, మళ్ళీ రావద్దని చెప్పారు.

యాభయ్యో ఏడు కదా, మామూలుగా జరిపితే బాగుండదని కమిటీ వాళ్ళు దాణా కొట్టు గోడ మీద విర్జిల్ బొమ్మ వేయించారు. ఇక్కడ ముక్కు తగాదా వచ్చింది. విర్జిల్ ముక్కు ఎడమ పక్కకి వంకర. చిన్నప్పుడు వేయించిన యాపిల్ బూరె దగ్గర తగాదా వచ్చి ఆర్లిసే పొయ్యి కట్టె విసిరాడు. అప్పట్నుంచీ విర్జిల్ గట్టిగా ఊపిరి పీలిస్తే ముక్కులోంచి సన్నగా ఈల వచ్చేది. పాటలో ప్రతి చరణానికీ ముందు ఒక ఈల. మొదట్లో జనం నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. బొమ్మ వేసేవాడు పాత ఫోటో చూసి వంకర వంకరగానే గీస్తే, పండగపూట అదేం చూపు అని కమిటీలో చేతులెత్తి తీర్మానం చేసి నిటారు చేయించారు. కేకు మీద చక్కెరతో వేయించిన బొమ్మకి కూడా నిటారు ముక్కే పెట్టించారు. ఆ ముక్కున్న ముక్క ఎవరికివ్వాలి అని ఇంకో సమావేశం జరిగింది.

గోడ మీద బొమ్మని ఎవరో ఫోనులో తీసుకెళ్ళి విర్జిల్ భార్య ఓలిటాకి చూపించారు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసి, "బాగున్నాడు. ఎవరి మొగుడు?" అని అడిగింది.

ఓలిటా ఆయనతో కాపురం చేసింది ఆరేళ్ళు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మామూలు మొగుడు పోతే మళ్ళీ చేసుకోవచ్చు. పోయినవాడికి ఏటా వర్ధంతి కచేరీ ఉంటే అది కుదరదు. అప్పట్లో కోత మిల్లులో పనిచేసే ఒక మంచివాడు ఆవిడ గుమ్మంలోకి రెండుసార్లు వచ్చి పోతుంటే, కమిటీ వాళ్ళు ఆవిడింటికి వెళ్ళి ఏమీ అనకుండా సోఫాలో వరసగా కూర్చుని వచ్చారు. ఆ మంచివాడు జార్జియా వెళ్ళిపోయాడు. ఇప్పుడావిడ వృద్ధుల ఆసుపత్రిలో ఉంటోంది. ముక్కులో గాలి గొట్టం. ఊపిరితిత్తులు ఎండిపోయాయి. క్రిస్మస్ చూడటం కష్టమని డాక్టరు ఆవిడ మొహం మీదే చెప్పాడు. ఆవిడ నర్సుతో, ఆ చెట్టూ దీపాలూ అటక మీంచి దించే బాధ తప్పింది అంది.

ఆర్లిస్ ఆదివారం ఆదివారం చర్చి అయ్యాక అరటిపండు పాయసం గిన్నెలో పట్టుకెళ్తాడు. కచేరీకి ముందు వారం వెళ్ళినప్పుడు ఆవిడ పెదాలకి రంగు వేసుకుని కూర్చుని ఉంది.

"డ్వైట్ వచ్చి వెళ్ళాడు," అంది. "నాష్‌విల్ నుంచి ఎవడో మెషీన్ వాణ్ణి పిలిపిస్తున్నారట. రికార్డులోంచి నీ గొంతు తీసేసి ఆయన గొంతు ఒక్కటీ వినిపిస్తాడట."

ఆర్లిస్ గిన్నె మూత తీయబోతున్నవాడు ఆగిపోయాడు.

"నేను నీ మీద చెప్పకూడదు కానీ మరిదీ, యాభై ఏళ్ళబట్టీ ఆయన పాట విందామంటే పైన నువ్వొకడివి. పానకంలో పుడకలాగ. ఒక్కసారి నువ్వు లేకుండా వినాలి. అందుకే ఇంకా ఊపిరి బిగపట్టుకుని ఉన్నా. లేకపోతే సెప్టెంబరులోనే పోదును."

ఆర్లిస్ పాయసం చేతికిచ్చి, వానొచ్చేలా ఉంది వదినా అని చెప్పి వచ్చేశాడు. బయట ఎండ మండిపోతోంది.

సంగతేమిటంటే, ఆ రికార్డులో విర్జిల్ లేడు.

నాక్స్‌విల్‌లో ఒక గ్యారేజీ వెనక స్టూడియో. గదికి ముందే డబ్బు కట్టేశారు, తిరిగివ్వరు. విర్జిల్ దారిలోనే సీసా ఖాళీ చేసి కారు వెనక సీట్లో నిద్రపోయాడు. లేపితే లేవలేదు, నీళ్ళు కొడితే తుడుచుకుని మళ్ళీ పడుకున్నాడు. స్టూడియోవాడు వాచీ చూసుకున్నాడు. సరేనని ఆర్లిస్ అన్న గిటారు తీసుకుని, అన్న గొంతులా కాస్త కిందికి దించి, అసలు పాట తనే పాడాడు. తర్వాత దాని మీదే మళ్ళీ తన పై గొంతు పాడాడు. ఒకే రక్తం కదా, అచ్చం ఇద్దరు పాడినట్టే ఉందని స్టూడియోవాడే అన్నాడు. విర్జిల్ లేచాక వినిపిస్తే కళ్ళు నులుముకుని, "నేనింత బాగా పాడతానంట్రా?" అన్నాడు. ఆర్లిస్ అవునన్నాడు. ఇద్దరూ ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చారు.

రికార్డు పార్సిలొచ్చేసరికి విర్జిల్ పెట్టెలో ఉన్నాడు. చర్చిలో అదే పెట్టారు. ఓలిటా లేచి వెళ్ళి ఆ పాటపెట్టెని రెండు చేతులా కౌగలించుకుని కూర్చుంది. ఆ పెట్టెలో ఉన్నది నేను అని ఆ సమయంలో ఏ తమ్ముడు చెబుతాడు? ఆ సమయం దాటిపోయాక ఇంక ఏ సమయంలో చెబుతాడు? పోనీ విర్జిల్ గొంతు ఇంకెక్కడైనా ఉందా అంటే లేదు. రేడియోలో పాడినవి అప్పట్లో ఊళ్ళో రేడియోవాళ్ళు రికార్డు చేశారు కానీ, టేపు దండగ అని వాటి మీదే పందుల ధరలు రికార్డు చేసేసుకున్నారు.

అందుకని ఆర్లిస్ నేరుగా డ్వైట్ ఇంటికెళ్ళి, మెషీను వద్దు, ఎప్పటిలా చేద్దాం అన్నాడు. డ్వైట్ ఎంతో జాలిగా చూశాడు. చొక్కాలు అచ్చయిపోయాయి, రోడ్డుకి అడ్డంగా ప్రకటన గుడ్డ కట్టేశారు, ఇంక వెనక్కి తిరగడానికి లేదన్నాడు. ఆర్లిస్ నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు.

"నాకర్థమైంది," అన్నాడు డ్వైట్. "పెద్దాయన గొంతు ఒక్కటీ వింటే నీది తేలిపోతుందని. తప్పులేదు ఆర్లిస్. తమ్ముడన్నాక కాస్త అసూయ ఉంటుంది."

తన గొంతు మీద తనకే అసూయ అని ఊరంతా అనుకోబోతున్నారని ఆర్లిస్‌కి తెలిసింది. తెరిచిన నోట్లో డ్వైట్ భార్య చేసిన గుమ్మడికాయ రొట్టె ముక్క పెట్టుకుని నమిలి ఇంటికొచ్చాడు.

కచేరీ నాడు మధ్యాహ్నానికే నేలంతా కుర్చీలు. ఓలిటాని చక్రాల కుర్చీలో తెచ్చి ముందు వరసలో పెట్టారు, పక్కన గాలి సిలిండరు. డ్వైట్ మైకు ముందు ఆ ఏడాది కంట్రీ సంగీత వర్ధంతులన్నీ చదివి, అందర్నీ దాటుకుంటూ విర్జిల్ దగ్గరికొచ్చి, ఆగి, గుటక వేశాడు. మెషీన్ వాడు బ్రాంట్లీ అని, గడ్డం మనిషి, ఏదో మీట నొక్కాడు.

టోపీ తగిలించిన మైకు వెనక స్పీకర్లలోంచి ఇరవై నాలుగేళ్ళ ఆర్లిస్ పాడటం మొదలుపెట్టాడు.

ఏం గొంతు అది. ఈ గొంతు తనకి ఉండేదని డెబ్బై నాలుగేళ్ళ ఆర్లిస్ మర్చిపోయాడు. అన్నకి ఇచ్చేసి, తాళం వేసి, తాళంచెవి కూడా అన్నతో పాతిపెట్టాడు. జనం అప్పటికే కళ్ళొత్తుకుంటున్నారు. రెండో వరసలో ఒకావిడ పక్కావిడతో, ఇదమ్మా పాటంటే, తమ్ముడిది ఎప్పుడూ రెండో గొంతే పాపం అంది. తన మైకు ముందు నిలబడ్డ ఆర్లిస్ ఏటా పై గొంతు అందుకునే చోటు వచ్చింది. వెళ్ళిపోయింది. ఆయన నోరు పెగల్లేదు. దుఃఖం అనుకుని జనం ఇంకా ఏడ్చారు. డ్వైట్ చేతిరుమాలు పూర్తిగా విప్పాడు.

ఆర్లిస్ ఓలిటాని చూస్తున్నాడు. మొదటి చరణానికి ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండో చరణం ముందు పాట ఊపిరి కోసం ఆగినప్పుడు కళ్ళు తెరిచింది. మూడో దాని ముందు తల పక్కకి వంచి, తన గాలి గొట్టం చప్పుడు అడ్డొస్తోందేమోనని దాన్ని ముక్కులోంచి తీసేసి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. పాట అయ్యేసరికి ఆ నేలంతటికీ ఏడవని మనిషి ఆవిడొక్కతే. నర్సు పరిగెత్తుకొచ్చి గొట్టం మళ్ళీ పెట్టింది. కేకు కోసి, ముక్కున్న ముక్క ఆవిడకే ఇచ్చారు.

ఆదివారం ఆర్లిస్ పాయసం పట్టుకెళ్తే ఆవిడ గిన్నె వంక చూడలేదు.

"ఆయన ముక్కు ఏదయ్యా?"

ఆర్లిస్ దారిలో ఈ మాటకి సమాధానం తయారు చేసుకునే వచ్చాడు. "మెషీన్ శుభ్రం చేసేసింది వదినా. గరగరలూ చప్పుళ్ళూ అన్నీ తీసేస్తుందట."

"తీయడానికి వాడెవడు?" ఆవిడకి ఒక్కో మాటకీ ఊపిరి కావలసి వస్తోంది. "నేను రోజూ ఆ రికార్డు పెట్టుకునే పడుకుంటాను. పాట కోసం కాదు. నీ గోల కింద, ఆ గరగర కింద, ఎక్కడో ఆయన ముక్కు ఉందని. నాకు వినబడేది కూడా. గోడ మీద ముక్కు సరిచేశారు, ఊరుకున్నాను. కేకు మీద సరిచేశారు, తిన్నాను. పాటలో కూడా సరిచేస్తే ఊరుకోను. తిరిగి పెట్టించు. నన్ను పూడ్చేటప్పుడు అదే వెయ్యాలి, ఈలతో సహా."

ఆర్లిస్ అలాగేనన్నాడు. లేచి తలుపు దాకా వెళ్ళాడు.

"ఆర్లిస్. తీసేసింది అయితే ఎక్కడో ఉంటుంది కదా, దొరుకుతుంది. అసలు లేకపోతే ఎందుకు లేదో వచ్చి నువ్వే చెప్పు. ఇంకెవర్నీ పంపకు."

ఆవిడ కళ్ళల్లో ఏముందో ఆర్లిస్‌కి తెలియలేదు. ఆవిడకి తెలిసిపోయి అన్నదో, తెలియకుండా ఉండటానికి ఆఖరిసారి బతిమాలిందో.

బ్రాంట్లీకి ఫోను చేశాడు. అతను మర్యాదస్తుడు. నేనేమీ తీయలేదు సార్, అసలు అలాంటి చప్పుడే అందులో లేదు అన్నాడు. కావాలంటే పెట్టొచ్చు, ప్రతి చరణం ముందూ అతికిస్తాను, ఎవరో ఒకరు ఈల ఊపిరి ఫోనులో రికార్డు చేసి పంపండి, ఎవరిదైనా పరవాలేదు, ఈల ఈలే కదా అన్నాడు.

ఆర్లిస్ వంటింట్లో కూర్చుని ఒక ముక్కులో దూది పెట్టుకున్నాడు. మొదటిసారి టీ కెటిల్‌లా వచ్చింది. రెండోసారి తుమ్ము వచ్చింది. తర్వాతది బాగా కుదురుతుండగా బయట టప్‌మంది. మరుగుదొడ్లవాడు ఇంకా తీసుకెళ్ళలేదు. ఆర్లిస్ కిటికీ మూసి, సందుల్లో తువ్వాలు కుక్కి, ముక్కుని వేలితో ఎడమ పక్కకి నొక్కి పట్టుకున్నాడు. అరవై ఐదేళ్ళ కిందట పొయ్యి కట్టె తగిలిన చోటే. నొక్కి, పాట ఎత్తుకునే ముందు పీల్చినట్టు, గుండెల నిండా పీల్చాడు.

అది వచ్చింది.

ఫోనులో పెట్టుకుని విన్నాడు. విర్జిల్ పక్కనే నిలబడి, గిటారు సవరించుకుని, పాడబోతున్నాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పాడబోయాడు. ఎన్నిసార్లు పెట్టినా పాడబోతాడు తప్ప పాడడు. ఆయన పోయిన తర్వాత ఆర్లిస్ అన్నని వినడం అదే మొదలు. ముక్కులో దూది తీయడం మర్చిపోయి ఆ పూటంతా అలాగే కూర్చున్నాడు. వేయించిన గుడ్డు చల్లారి పళ్ళేనికి అంటుకుపోయింది.

ఈ పొద్దున వృద్ధుల ఆసుపత్రి వాళ్ళు ఫోను చేశారు. ఓలిటాకి మాట పడిపోతోందట, చూడాలనుకునే వాళ్ళని త్వరగా రమ్మన్నారు. ఫోనులో ఆ ఊపిరి అలాగే ఉంది. బ్రాంట్లీకి పంపితే మధ్యాహ్నానికల్లా అతికించి ఇస్తాడు, ఆవిడ మొగుడి ముక్కు విని పోతుంది, కానీ అది మొగుడిది కాదు. పంపకుండా వెళ్ళి నిజం చెబితే, ఆవిడ యాభై ఏళ్ళు రోజూ మరిది గొంతు పక్కన పెట్టుకుని పడుకుందని తెలుసుకుని, ఆ రికార్డు గరగరలో కూడా ఎవరూ లేరని తెలుసుకుని పోతుంది. ఆర్లిస్ కారు తాళంచెవులు ఒక చేతిలో, ఫోను ఒక చేతిలో పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చి, ఇదంతా చెప్పి నిలబడ్డాడు. నేను కచేరీలో కుర్చీలు వేసేవాణ్ణి, నన్నడిగితే నేనేం చెప్పను? ఇంట్లో కాఫీ ఉందో లేదో చూసొస్తానని లోపలికి వచ్చాను. అయ్యా, అమ్మా, మీకు దణ్ణం పెడతాను. మొగుళ్ళు పోయినవాళ్ళుంటారు, అన్నలు పోయినవాళ్ళుంటారు, మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి. ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. ఏం చెప్పమంటారు?